అర అంగుళం లెక్క

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తిరుత్తణిలో విద్యార్థుల సభ అంటే వక్తలు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారితో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1888లో ఆయన పుట్టిన ఊరు ఇది. ఆయన చదువు చాలావరకు స్కాలర్‌షిప్పుల మీదనే సాగింది. ఆయన గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ముగ్గురున్నారు. కనుక నాకిచ్చిన పదిహేను నిమిషాలలో నేను మన స్టడీ సెంటరు వెనుక ఉన్న మగపిల్లల మూత్రశాల గురించి మాట్లాడతాను. నవ్వండి, ఫరవాలేదు. రెండేళ్ళ క్రితం నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైన వాణ్ణి. సాయంత్రం క్యాష్ ట్యాలీ కాకపోతే ఇంటికి పోయే అలవాటు లేదు. పైపుల సంగతి బొత్తిగా తెలియదు. అయినా ట్రస్టు లెక్కలు చూస్తున్నాను గనుక, ‘డబ్బు ఖర్చయ్యే పని కాబట్టి మీరే చూడండి’ అని ఈ పని నాకు అప్పగించారు.

బడిలో మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరుగా మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టి మరీ ఆదేశించింది. మనది బడి కాదు, సాయంత్రం పూట పదో తరగతి, ప్లస్ టూ పిల్లలు వచ్చి చదువుకునే చోటు. అయినా నాలుగు గంటలు కూర్చునే పిల్లలకు ఆ వసతి అక్కరలేదా? పాత గోడ, కాలువ తీసేసి, గోడకు బిగించే పింగాణీ యూరినల్స్ మూడు పెట్టించాలని నిర్ణయించాము. నేను బ్యాంకు పద్ధతిలో మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ చెప్పినవారికి పని ఇచ్చాను. ఫైలు చాలా శుభ్రంగా ఉంది. ఇప్పటికీ ఉంది.

పది రోజులు గడిచాయో లేదో, లోపలికి అడుగు పెట్టలేనంత కంపు. కింద నేల ఎప్పుడూ తడి. ఫినాయిలు పోశాము, యాసిడ్ పోశాము. ఒక పూట తగ్గినట్టుండి మర్నాటికి మళ్ళీ అంతే. పిల్లలు సరిగా నీళ్ళు పోయడం లేదని వాళ్ళను నాలుగు మాటలు కూడా అన్నాను. ఆ మాటలు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక రోజు ఒక తల్లి వచ్చి, ‘సార్, మావాడు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగడం లేదండీ. సీసా నిండా పంపిస్తే నిండుగానే తెస్తున్నాడు. రాత్రికి తలనొప్పి అంటాడు. అడిగితే, తాగితే అక్కడికి పోవాల్సి వస్తుంది కదమ్మా అంటాడు’ అని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం కట్టించినది పిల్లల దాహాన్ని ఆపే గది అయిందన్నమాట.

మర్నాడు పని చేసినవారితో ఫోనులో గొడవపడుతున్నాను. అప్పుడే ఉపకార వేతనం దరఖాస్తులో సంతకం మరచిపోయి, పెట్టడానికి వచ్చిన బి.కాం. రెండో సంవత్సరం అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఫోను పెట్టేశాక మెల్లగా, ‘సార్, మా నాన్నకు ఈ పని తెలుసు’ అంది. దరఖాస్తు నా చేతిలోనే ఉంది. తండ్రి వృత్తి అన్న చోట ‘కూలి’ అని రాసి ఉంది. నేనేమీ అడగలేదు. ఆదివారం పంపించమన్నాను. (ఈ సంగతి వారిద్దరి అనుమతితోనే చెబుతున్నాను.)

ఆదివారం ఆయన వచ్చారు. స్పానరు తీయలేదు, ఏమీ తీయలేదు. ఊదువత్తి ఒకటి అడిగారు. వెలిగించి, యూరినల్ కింద పైపు గోడలోకి పోయే చోట పట్టుకున్నారు. నిటారుగా లేస్తున్న పొగ అక్కడ మాత్రం బయటికి తోసినట్టు వంగింది. ‘కంపు పిల్లల వల్ల కాదు సార్, ఇక్కడి నుంచి వస్తా ఉండాది’ అన్నారు.

ఆ విషయం నాకు అర్థమైనంతవరకు చెబుతాను. యూరినల్ అడుగున వేస్ట్ కప్లింగ్ ఉంటుంది. దానికి కింద బాటిల్ ట్రాప్ అని చిన్న గిన్నె లాంటిది. అందులో ఎప్పుడూ సుమారు రెండు అంగుళాల లోతు నీరు నిలిచి ఉండాలి. కాలువలోని గాలి ఆ నీటిని దాటి పైకి రాలేదు. ఈ ఉపాయం కొత్తది కాదు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు లండనులో పేటెంటు తీసుకున్న మరుగుదొడ్డిలో వంపు తిరిగిన పైపు, అందులో నిలిచే నీరు ఉన్నాయి. ఆ నీరు ఎండిపోతే ఏమవుతుందో 2003లో హాంకాంగు ప్రజలు చూశారు. అమాయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంటు సముదాయంలో 300 మందికి పైగా సార్స్ జబ్బు సోకింది. స్నానాల గదుల నేల మీది ట్రాపులలో నీరు ఎండిపోయి, మురుగు పైపులలోని తుంపరలు ఇళ్ళలోకి రావడం అందుకు ఒక ముఖ్య కారణమని విచారణలో తేల్చారు.

మా ట్రాపులో నీరుంది. మరి కంపు ఎలా వచ్చింది? ట్రాపు నుంచి బయటికి వచ్చే గొట్టం 32 మిల్లీమీటర్లది. గోడలో పాతిన పి.వి.సి. పైపు 50 మిల్లీమీటర్లది. దీన్ని దానిలో దూర్చితే చుట్టూ అర సెంటీమీటరుకు పైగా సందు మిగులుతుంది. ఆ సందులో గుడ్డపీలిక కుక్కి, పైన వైట్ సిమెంటు పూసి, దాని మీద మెరిసే బిళ్ళ మూసి వెళ్ళారు. వైట్ సిమెంటు నున్నటి ప్లాస్టిక్‌ను పట్టుకోదు. ఎండకు పైపు కాస్త సాగినా, పిల్లవాడెవడైనా ట్రాపు మీద కాలు ఆన్చినా పగిలిపోతుంది. ఆయన మాటల్లో, ‘ముందు వాకిలికి నీళ్ళు కాపలా ఉండాయి సార్, పెరటి వాకిలి తెరిచి పెట్టేసినారు.’ అక్కడ ఉండవలసినది 50కి 32 రబ్బరు బుష్. పెద్ద పైపులో బిగుతుగా కూర్చుని, చిన్న గొట్టాన్ని చుట్టూ పట్టుకుంటుంది. మూడు బుష్షుల ఖరీదు మేము పూయించిన సిమెంటు, కూలి ఖర్చులకంటె తక్కువ.

ఇక నీళ్ళు వచ్చే వైపు. అక్కడా కారుతోంది. నేను ఉత్సాహంగా హార్డ్‌వేర్ షాపుకు బయలుదేరి, ‘అర అంగుళం జాయింట్లు మూడు తెస్తాను’ అన్నాను. ఆయన నవ్వి, ‘ఏ అర అంగుళం సార్?’ అన్నారు.

చిరంజీవులారా, ఇది మీరు ఇంట్లో స్కేలు పెట్టి చూడవలసిన సంగతి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, మనందరికీ తెలుసు. అర అంగుళం ఇనుప పైపు బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు. అర అంగుళం సి.పి.వి.సి. పైపు బయటి కొలత 15.9. అర అంగుళం కుళాయి మర బయటి కొలత దాదాపు 21. ఇందులో ఏదీ 12.7 కాదు! నా సర్వీసులో ఇంత తప్పుడు లెడ్జరు చూడలేదు. కారణమేమిటంటే, ఆ పేరు పాతకాలపు ఇనుప పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చింది. తరువాత పైపు గోడ పలచబడి రంధ్రం పెద్దదయింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సి.పి.వి.సి. వాళ్ళు రాగి గొట్టాల కొలతను తీసుకున్నారు. కనుక రెండు అర అంగుళాలు ఒకదానికొకటి సరిపోవు. మాకు పని చేసినవారు పైపు కొసను మంట మీద కాల్చి, మెత్తబడ్డాక సాగదీసి ఎక్కించేశారు. కాల్చిన చోట పైపు పలచబడి బీటలిచ్చింది. అక్కడ కావలసినది ఒకవైపు సి.పి.వి.సి. పైపు అతికించేందుకు, మరోవైపు ఇత్తడి మర ఉన్న అడాప్టర్. దానికి యాంగిల్ కాక్, అక్కడి నుంచి యూరినల్‌కు కనెక్షన్ పైపు.

మర విషయంలోనూ ఒక చిక్కుంది. మా ఇంట్లో జరిగినదే. అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన ప్రేమగా షవర్ ఒకటి తెచ్చాడు. అదీ అర అంగుళమే. మన మరకూ వాళ్ళ మరకూ అంగుళానికి 14 చుట్లే. అయితే మనది బ్రిటిష్ కొలత, చుట్టు కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60. ఒకటి రెండు చుట్లు చక్కగా ఎక్కి, తరువాత బిగుసుకుపోతుంది. ఎంత టేపు చుట్టినా చుక్క ఆగదు. మా ఇంట్లో ఆ షవర్ ఇప్పుడు అలమారాలో ఉంది.

ఆయన పని చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. టెఫ్లాన్ టేపు మర బిగిసే దిక్కుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది. కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషర్ ఉంటుంది, నీటిని ఆపేది అదే, అక్కడ టేపుతో పనిలేదు. చేత్తో బిగించి, స్పానరుతో ఇంకొంచెం, అంతే. ప్లాస్టిక్ నట్టును బలంకొద్దీ తిప్పితే ఆ రోజు కారదు, నెలకు పగులుతుంది. పూర్తయ్యాక ప్రతి అతుకు కింద పొడి కాగితం పరిచి, నీళ్ళు వదిలి, అరగంట అయ్యాక కాగితం చూశారు. వోచరు సరిచూసుకున్నట్టే ఉంది నాకు. ఆ తరువాత మళ్ళీ ఊదువత్తి. పొగ నిటారుగా లేచింది.

యాసిడ్ పోయడం మాన్పించారు. మన బోరు నీటి ఉప్పు, మూత్రంలోని లవణాలు కలిసి పైపులో తెల్లగా గట్టిపడే మాట నిజమే, కాని యాసిడ్ రోజూ పోస్తే ట్రాపు పై పూత పోతుంది, రబ్బరు పాడవుతుంది. వారానికొకసారి ట్రాపు అడుగు విప్పి బ్రష్షుతో కడగమన్నారు. ఇప్పుడు ప్లస్ టూ పిల్లలు వంతులు వేసుకుని చేస్తున్నారు. నీళ్ళ సీసాల సంగతి ఆ తల్లిని అడిగాను. ఖాళీగానే తిరిగి వస్తున్నాయట.

ఆయన, ‘పిల్లకు స్కాలర్‌షిప్పు ఇస్తా ఉండారు, డబ్బులొద్దు సార్’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. స్కాలర్‌షిప్పు అమ్మాయి మార్కులకు, కూలి ఆయన పనికి. రెండు ఖాతాలు కలపకూడదు. రసీదు మీద సంతకం చేస్తూ ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పారు. పదిహేనేళ్ళ వయసులో తిరువళ్ళూరులో ఒక మేస్త్రీ దగ్గర చేరారట. ఐ.టి.ఐ.లో ప్లంబరు కోర్సు ఒక్క ఏడాదిదే, ఆ రోజుల్లో తనకు చెప్పినవారు లేరన్నారు. మన ట్రస్టు నియమాలలో ఐ.టి.ఐ. విద్యార్థులకు ఉపకార వేతనం లేదు. కిందటి సంవత్సరం అలాంటి దరఖాస్తులు రెండు వస్తే ‘అర్హత లేదు’ అని ఎర్ర సిరాతో రాసి పక్కన పెట్టినది నేనే. ఈ నియమం మార్చమని కమిటీకి లేఖ ఇచ్చాను. అధ్యక్షుల వారు ఇక్కడే ఉన్నారు, లేఖ ఆయన ఫైలులో ఉంది.

ఈ సంవత్సరం దరఖాస్తులు సరిచూస్తుంటే ఆ అమ్మాయిది కనబడింది. తండ్రి వృత్తి అన్న చోట ‘ప్లంబర్’ అని ఉంది. అక్షరాలు మిగిలిన వాటికంటె కాస్త పెద్దవిగా ఉన్నాయి.

గుమ్మం పక్కన బల్ల మీద పాత జాయింట్లు, గుడ్డపీలిక అంటుకున్న సిమెంటు ముక్క, కొత్త రబ్బరు బుష్ ఒకటి, అర అంగుళం పైపు ముక్కలు రెండు రకాలవి పెట్టాను. స్కేలు కూడా ఉంది. భోజనాలయ్యాక వచ్చి కొలిచి చూడండి.