ఐమూల అల్లికలో రంగుల పటం చదవడం



కొక్కెం ఉన్న ఒకే ఒక సూదితో దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా లాగుతూ అల్లే పనిని క్రోషియా అంటారని మీకు తెలుసు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో ఎన్నో ఇళ్లలో ఈ సూది కనిపిస్తుంది. అక్కడి లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ లేసు ఎక్కువగా సన్నని నూలు దారంతో అల్లే పని. ఈనాటి పాఠంలో అదే సూదిని, కాస్త లావుపాటి ఊలును తీసుకుని, ఒక మూల నుంచి ఎదుటి మూలకు సాగే ఐమూల అల్లికను చూద్దాం. దుప్పటి మీద పువ్వునో పడవనో రంగుల్లో దించాలంటే ఈ పద్ధతి చాలా అనువైనది.

ఇందులో చేతిపని తేలిక. ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. కొత్తవారు దెబ్బతినేది పటం చదవడంలోనే. నాలుగో వరుసలో జరిగిన పొరపాటు నాలుగో వరుసలో కనిపించదు. పది వరుసలు దాటి, బొమ్మ రూపం కట్టవలసిన చోట కట్టకపోతే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి మూడు నాలుగు రంగుల ఉండలు వేలాడుతుంటాయి. విప్పబోతే చిక్కు పడతాయి. చాలామంది ఆ దశలోనే పనిని సంచిలో కుక్కి పక్కన పడేస్తారు. కనుక సూదికంటే ముందు పెన్సిలు పట్టుకుందాం.

గడుల కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఆరు గడులు, కింది నుంచి పైకి ఆరు గడులు ఉన్న ఒక చదరం గీయండి. కింది రెండు అడ్డు వరుసలకు నీలం, మధ్య రెండింటికి తెలుపు, పై రెండింటికి ఆకుపచ్చ రంగు వేయండి. మొత్తం 36 గడులు, రంగుకు 12 చొప్పున. మామూలు అల్లికలో అయితే ఇది పటం అవసరమే లేని పని. ఐమూల అల్లికలో మాత్రం మనం కింది కుడి మూల గడితో మొదలుపెడతాం. రెండో వరుసలో రెండు గడులు, మూడో వరుసలో మూడు, అలా వాలుగా పెరుగుతూ పోతాం. అంటే అల్లే ప్రతి వరుసా మూడు రంగుల పట్టీలనూ ఏటవాలుగా కోసుకుంటూ వెళ్తుంది.

ఏ గడి ఏ వరుసలోకి వస్తుందో ఎలా తెలుస్తుంది? నిలువు వరుసలను కుడి నుంచి, అడ్డు వరుసలను కింది నుంచి లెక్కపెట్టండి. ఆ రెండు సంఖ్యలనూ కలిపి ఒకటి తీసేస్తే ఐమూల వరుస సంఖ్య వస్తుంది. ఉదాహరణకు కుడి నుంచి రెండోది, కింది నుంచి నాలుగోది అయిన గడి 2 + 4 − 1, అంటే ఐదో వరుసలోది. ఆరు గడుల చదరంలో ఇలాంటి వరుసలు 11 ఉంటాయి. గడులు ఒకటి, రెండు, మూడు అంటూ ఆరు దాకా పెరిగి, మళ్లీ ఐదు, నాలుగు అంటూ ఒకటికి తగ్గుతాయి. కూడి చూడండి, సరిగ్గా 36 వస్తుంది. కంప్యూటరు చదువుతున్నవారికి ఇది కొత్తగా అనిపించదు. జేపెగ్ పద్ధతిలో ఫోటోను కుదించేటప్పుడు ఎనిమిదికి ఎనిమిది గడుల పట్టికలోని సంఖ్యలను ఇలాగే మూల నుంచి మూలకు, వంకర టింకరగా చదువుతారు.

ఆ వంకర టింకర తోవే మనకు కీలకం. ఒక వరుస కాగానే పనిని తిప్పి పట్టుకుంటాం. కాబట్టి దిశ కూడా తిరుగుతుంది. కుడిచేతి వాటం వారికి బేసి వరుసలు పై కొస నుంచి, అంటే కుడి అంచు వైపు నుంచి కిందికి దిగుతాయి. సరి వరుసలు కింది అంచు నుంచి పైకి ఎక్కుతాయి. ఎడమచేతి వాటం వారు కింది ఎడమ మూలలో మొదలుపెట్టి, ఈ పాఠంలోని కుడిని ఎడమగా మార్చుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మన పటాన్ని మాటల్లో రాద్దాం. మొదటి వరుస నీలం ఒకటి. రెండు: నీలం 2. మూడు, పై నుంచి: తెలుపు 1, నీలం 2. నాలుగు, కింది నుంచి: నీలం 2, తెలుపు 2. ఐదు, పై నుంచి: ఆకుపచ్చ 1, తెలుపు 2, నీలం 2. ఆరు, కింది నుంచి: నీలం 2, తెలుపు 2, ఆకుపచ్చ 2. ఏడు, పై నుంచి: ఆకుపచ్చ 2, తెలుపు 2, నీలం 1. ఎనిమిది, కింది నుంచి: తెలుపు 2, ఆకుపచ్చ 2. తొమ్మిది, పై నుంచి: ఆకుపచ్చ 2, తెలుపు 1. పది: ఆకుపచ్చ 2. పదకొండు: ఆకుపచ్చ 1. ఒక్కో రంగు పన్నెండేసి వచ్చిందో లేదో కూడి చూసుకోండి. ఇంత చిన్న పటానికి ఈ రాత కోతలెందుకు అనుకోకండి. నాలుగో వరుసను కూడా పై నుంచే చదివితే నీలం ఉండవలసిన చోట తెలుపు కూర్చుంటుంది.

ఇక సూది పట్టుకోండి. ఇక్కడ పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. సూదికి ఒక చుట్టు వేసి లాగే పొడుగు కుట్టును బ్రిటిష్ పుస్తకాలు ట్రెబుల్ అంటాయి, అమెరికా పుస్తకాలు డబుల్ క్రోషియా అంటాయి. కుట్టు ఒకటే. మనం ట్రెబుల్ అందాం.

ఆరు చైన్లు వేయండి. సూది నుంచి నాలుగు, ఐదు, ఆరు చైన్లలో ఒక్కో ట్రెబుల్ వేయండి. ఒక పక్క చైన్ల ఉచ్చు, మూడు ట్రెబుళ్లు కలిసి ఒక బ్లాకు అయింది. పటంలో ఒక గడికి చేతిలో ఒక బ్లాకు. పనిని తిప్పి మళ్లీ ఆరు చైన్లు, మూడు ట్రెబుళ్లు. తరువాత మొదటి బ్లాకు పక్కనున్న చైన్ల ఉచ్చులో స్లిప్ కుట్టు వేసి, మూడు చైన్లు, అదే ఉచ్చులో మూడు ట్రెబుళ్లు వేయండి. రెండో వరుస పూర్తయింది. ఆరో వరుస దాకా ఇదే పని. ఏడో వరుస నుంచి తగ్గించాలి. తిప్పిన తరువాత ఆరు చైన్లు వేయకుండా, మూడు ట్రెబుళ్ల మీదుగా స్లిప్ కుట్లతో ఉచ్చు దాకా వెళ్లి అక్కడ బ్లాకు మొదలుపెడతాం. వరుస చివరి ఉచ్చులో స్లిప్ కుట్టుతో ఆగిపోతాం, అక్కడ బ్లాకు వేయం.

రంగు మార్చవలసింది బ్లాకు మధ్యలో కాదు, రెండు బ్లాకులను కలిపే స్లిప్ కుట్టు దగ్గర. సూదిని ఉచ్చులో దూర్చి, పాత రంగును వదిలి, కొత్త రంగుతో ఆ స్లిప్ కుట్టు లాగండి. వరుస మొదట్లోనే కొత్త రంగు వస్తే, పెంచే కొసలో ఆ ఆరు చైన్లనే కొత్త రంగుతో వేస్తారు. వదిలిన దారాన్ని కత్తిరించకండి, వెనక వైపుకు తెచ్చి వదిలేయండి. తరువాతి వరుసలో అది అక్కడే దొరుకుతుంది. మన చదరానికి మూడే ఉండలు చాలు. మధ్యలో బొమ్మ ఉంటే మాత్రం దానికి అటూ ఇటూ ఉన్న నేల రంగుకు వేర్వేరు ఉండలు కావాలి.

దుప్పటి చాలాసార్లు చదరంగా ఉండదు. వెడల్పు 40, ఎత్తు 60 గడులనుకోండి. 40 + 60 − 1, మొత్తం 99 వరుసలు. నలభైయో వరుస దాకా పెంచుతాం. అరవయ్యో వరుస దాకా బ్లాకులు నలభై దగ్గరే నిలుస్తాయి. ఎందుకంటే కింది అంచు దగ్గర తగ్గిస్తూ, కుడి అంచు దగ్గర పెంచుతూ పోతాం. ఈ ఇరవై వరుసల్లోనే కొస మారిపోయి దుప్పటి ఆకారం తప్పుతుంది. కింది అంచుకు ఒక రంగు దారం ముడి వేసి గుర్తు పెట్టుకోండి. ఎన్ని సెంటీమీటర్లు వస్తుందో తెలియాలంటే పది బ్లాకుల చదరం అల్లి కొలవండి. అది 15 సెంటీమీటర్లు వస్తే 40 బ్లాకులు 60 సెంటీమీటర్లు.

అభ్యాసానికి ఏడు గడుల చదరంలో, నట్టనడుమ గడి చుట్టూ 13 గడుల ఎర్ర వజ్రం గీయండి. అడ్డంగా చూస్తే ఎర్ర గడులు 1, 3, 5, 3, 1. ఐమూల వరుసల్లో రాసి చూస్తే ఐదో వరుస నుంచి తొమ్మిదో వరుస దాకా 3, 2, 3, 2, 3 రావాలి. వజ్రం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి దిశ తప్పినా చెడదు. తరువాత మీ పేరులోని మొదటి అక్షరాన్ని గడుల్లో గీసి అలాగే రాయండి. అక్కడ దిశ తప్పితే అక్షరం గుర్తు పట్టలేరు.