రోజాలో చక్కెర పడిపోతే



షక్కర్ బీమారీ అంటే రక్తంలో చక్కెర పెరగడమే అనుకుంటాం. మందు వేసుకుని తిండి ఆలస్యమైతే అది పడిపోతుంది కూడా. మామూలుగా చక్కెర తగ్గగానే గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు దాన్ని తిరిగి పెంచుతాయి. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనా, అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ తగ్గినా ఆ కాపుదల చాలదు. మందు తగ్గించినా మాటిమాటికీ చక్కెర పడిపోతుంటే ఈ గ్రంథుల సంగతి డాక్టరును అడగాలి.

అసర్ నమాజు వేళకు చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నా "ఇఫ్తార్‌కు ఇంకా గంటే కదా" అని ఓర్చుకునేవాళ్లను మేము చూశాం. అది ప్రాణానికే ముప్పు. పరీక్షలో చక్కెర 70 కన్నా తగ్గితే అప్పుడే రోజా విరమించాలి. మూడు నాలుగు టీచెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రోగికి ఖుర్ఆనే సడలింపు ఇచ్చింది. తప్పిన రోజాను కోలుకున్నాక ఖజాగా తీర్చుకోవచ్చు. కాబట్టి రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి మందుల మోతాదు, వేళలు మార్పించుకోవాలని మా మనవి. ఖుదా హాఫిజ్.