సీటు ఒక్కటే చూడకండి, స్టైపెండూ చూడండి



మేము బడిపంతుళ్లం. మా దగ్గర పదో తరగతి చదివి, నరసరావుపేటలో బీటెక్, తర్వాత ఎంటెక్ చేసిన మాచర్ల అమ్మాయికి నిరుడు రెండు పీహెచ్‌డీ సీట్లు వచ్చాయి. అమెరికా సీటుకు ఫీజు మనమే కట్టాలి. ఇక్కడి ఎన్‌ఐటీ సీటుకు ఫెలోషిప్ ఉంది. వాళ్ల నాన్న అమెరికా కోసం ఎకరం మిర్చి చేను అమ్మడానికి సిద్ధపడ్డారు. మేము ఆయనతో కూర్చుని లెక్క వేశాం.

ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. అమెరికాలోనూ ఇంజనీరింగ్ పీహెచ్‌డీకి అసిస్టెంట్‌షిప్ ఇచ్చి, ఫీజు మాఫీ చేయడం మామూలే. అది లేని సీటైతే నాలుగైదేళ్ల భారం ఇంటిమీదే. మధ్యలో డబ్బు ఆగితే డిగ్రీ ఆగుతుంది. మన పిల్లలకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి కొత్తవారికి లేదు.

కాబట్టి చేరకముందే అడగండి: ఫీజు మాఫీ ఉందా? స్టైపెండు ఎన్నేళ్లు? గైడు ప్రాజెక్టు ముగిస్తే ఎవరిస్తారు? జవాబు కాగితం మీద తీసుకోండి.

దాతలకు మా మనవి. ఒక్కరి విదేశీ ఫీజుకు పోసే డబ్బుతో ఎందరికో గేట్ దరఖాస్తు, ఇంటర్వ్యూ ప్రయాణం, హాస్టల్ అడ్వాన్సు, స్టైపెండు చేతికందేదాకా భోజనం ఖర్చు గడుస్తాయి.

ఆ అమ్మాయి ఎన్‌ఐటీలో చేరింది. చేను మిగిలింది. మొదటి స్టైపెండు అందగానే మనమిచ్చిన రైలు ఖర్చు తిరిగి పంపింది, ఇంకొకరికి ఇవ్వమని.