చిప్పు లోపల ఏమి జరుగుతున్నది?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగు చదివే మన పిల్లలు చాలామంది కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పేపరును ఎలాగో గట్టెక్కవలసిన గండంగా చూస్తున్నారు. "ప్రోగ్రాములు రాయడం వస్తే ఉద్యోగం వస్తుంది. చిప్పు లోపల ఏమి జరిగితే మనకేం?" అంటారు. ఆ మాట సరికాదని మనవి చేయడానికే నిలబడ్డాను.

ప్రాసెసర్ చేసే పని వినడానికి చిన్నదే. మెమరీ నుండి ఒక ఆదేశాన్ని తెచ్చుకుంటుంది, దాని అర్థం తెలుసుకుంటుంది, ఆ ప్రకారం నడుచుకుంటుంది. దీన్ని వేగంగా చేయించడమెట్లా అన్నదే అసలు విద్య.

మన బజారులోని దర్జీ దుకాణాన్ని తీసుకోండి. ఒకరు గుడ్డ కత్తిరిస్తారు, ఒకరు మిషను మీద కుడతారు, ఒకరు గుండీలు వేసి ఇస్త్రీ చేస్తారు. ఒక్కొక్క పనికి 10 నిమిషాలనుకుందాం. ఒక చొక్కా పూర్తయ్యాకే రెండోది మొదలుపెడితే 10 చొక్కాలకు 300 నిమిషాలు పడుతుంది. ముగ్గురూ ఖాళీ లేకుండా వరసగా అందుకుంటే 120 నిమిషాలే. గమనించండి, ఏ ఒక్క చొక్కాకూ పట్టే 30 నిమిషాలు మాత్రం తగ్గలేదు! దీన్నే పైప్‌లైన్ అంటారు.

ఇక కాలరు ఎట్లా ఉండాలో గిరాకీ చెప్పకముందే ఊహించి కత్తిరించారనుకోండి. ఊహ తప్పితే గుడ్డ వృథా. "ఇలా అయితే ఇది, కాకపోతే అది" అనే ఆదేశం వచ్చినప్పుడు నేటి ప్రాసెసర్లు కూడా ఇలాగే ఊహించి ముందుకు పోతాయి. తప్పితే ఆ పని పారేసి మళ్ళీ మొదలుపెడతాయి. 2018లో బయటపడిన స్పెక్టర్ అనే లోపం ఇక్కడే ఉంది. పారేసిన పని తాలూకు ఆనవాళ్ళు క్యాష్ అనే దగ్గరి మెమరీలో మిగిలి, రహస్యాలు పొక్కడానికి దారి ఇచ్చాయి. లోపలి సంగతి మనకెందుకన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబేం కావాలి?

1976లో వచ్చిన 8085 చిప్పును చదివితే పునాది తెలుస్తుంది గాని, క్యాషూ, ఈ ఊహా అందులో కనబడవు. పిన్నుల పేర్లు బట్టీ పట్టినంతలో విద్య రాదు. చేసి చూడాలి. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల పట్టిక మొదలైంది. మూల ఆదేశాలు సుమారు నలభై, లైసెన్సు రుసుము లేదు. ఆ పట్టికతోనే మద్రాసు ఐఐటీ వారు శక్తి ప్రాసెసర్లను రూపొందించారు. మీరూ వెరిలాగ్ భాషలో చిన్న ప్రాసెసరు రాసి, ఉచితంగా దొరికే ఐకారస్ వెరిలాగ్‌తో పాత కంప్యూటరు మీదే నడిపి చూడవచ్చు. ముందు కూడిక చేయించండి, తర్వాత పైప్‌లైన్ పెట్టండి, ఎన్ని క్లాకులు తగ్గాయో లెక్కవేయండి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. మార్కులతో పాటు "ఏమి తయారుచేశావు బేటా?" అని కూడా అడగండి. సంఘం పెద్దలు సెలవుల్లో ఒక గది, రెండు పాత కంప్యూటర్లు ఇప్పిస్తే పిల్లలు కలిసి కూర్చుని ఈ పని చేసుకుంటారు. పెద్ద ఖర్చేమీ కాదు.