కన్యాశుల్కం రెండుసార్లు పుట్టింది

1862 సెప్టెంబర్ 21న గురజాడ అప్పారావు గారు రాయవరంలో, మేనమామగారింట పుట్టారు. ఈ పూట ఆయన జీవితంలోంచి రాసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒక్కటే చెబుతాను.

విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో కన్యాశుల్కపు పెళ్లిళ్ల, అంటే వధువు తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో 1034 తేలాయి. ఆ వధువుల్లో ఏడాది నిండిన పసిపిల్లలు కూడా ఉన్నారు! ఆ బాధలోంచి గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడారు. జనం మెచ్చుకున్నారు. 1897లో పుస్తకం అచ్చయింది.

అంతటితో పని అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. గురజాడ అనుకోలేదు. మెప్పు పొందిన రచనను మళ్లీ విప్పి, దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. 1909లో వచ్చిన రెండో కూర్పు మొదటిదానికంటే ఎంతో పెద్దది. నాటకంలోని మధురవాణి పాత్ర అందులోనే నిండుగా ఎదిగింది. సంస్కరణ కోసం రాసిన నాటకంలో మనుషులు సంస్కరణను మించి నిలిచారు. నా దృష్టిలో గురజాడ గొప్పతనమంతా ఈ తిరగరాతలోనే ఉంది. అచ్చయిన పుస్తకం మీద అంత నిర్దాక్షిణ్యంగా కలం పెట్టడానికి ఎంత గుండెధైర్యం కావాలి!

చాలాకాలం దొరకని ఆ మొదటి కూర్పును 1969లో పరిశోధకుడు బంగోరె మళ్లీ అచ్చు వేయించారు. రాయడం నేర్చుకుంటున్నవారు రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని, ముందుగా మధురవాణి మాట్లాడే చోట్లు చదవండి.