పుట్టువెంట్రుకల మొక్కు – పసిబిడ్డ శిరోజాల సంరక్షణ

(సిద్దిపేటలో జరిగిన మాతృ సమ్మేళనంలో విశ్రాంత నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పండితురాలిని కాను. ముప్పై ఏళ్లకు పైగా పల్లెల్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదానిని. నాకు తెలిసిన విషయం చెప్పమని నిర్వాహకులు కోరినప్పుడు, పసిబిడ్డ తలమీది మెత్తని జుట్టును గురించి చెబుతానన్నాను. ఇది చాలా చిన్న విషయంగా తోచవచ్చు. కానీ మన ఇళ్లలో ఆ జుట్టు స్వామికి మొక్కుకున్నది. మొక్కు తీరేవరకు దానికి కత్తెర తగలనివ్వము. ఏడాది, ఒక్కొక్కప్పుడు మూడేళ్లు, ఆ జుట్టును కాపాడే భారం తల్లిది. ఆ కాపాడటంలో బిడ్డకు బాధ కలగరాదు. మొక్కుకు లోపం రాకుండా, బిడ్డకు నొప్పి లేకుండా ఎలా నడుచుకోవాలన్నదే నేటి నా ప్రసంగం.

ముందుగా శాస్త్రం మాట చూద్దాం. మనం పుట్టువెంట్రుకలు అంటున్న సంస్కారాన్నే గృహ్యసూత్రాలు చౌలమని, చూడాకరణమని పేర్కొన్నాయి. మొదటి సంవత్సరంలో గాని మూడవ సంవత్సరంలో గాని చేయవచ్చునని మనుస్మృతి చెప్పింది. మూడవ ఏట గాని, కులాచారాన్ని అనుసరించి గాని చేయమని ఆశ్వలాయన గృహ్యసూత్రం చెప్పింది. అదే సూత్రంలో ఆ కర్మ జరిపే విధానం కూడా ఉంది. చన్నీటిలో వేన్నీరు కలిపి సిద్ధం చేయాలి. వెన్నతో గాని పెరుగుతో గాని శిశువు తలను మెత్తగా తడపాలి. ఈ శిశువును హింసించవద్దని కత్తిని వేడుకునే భావం గల మంత్రం చెప్పాలి. చివరకు క్షురకునితో కూడా, గోరువెచ్చని నీటితో, గాయం కాకుండా పని ముగించమని చెప్పాలి.

తల్లులారా, ఈ విధానాన్ని ఒకసారి మనసులో నిలుపుకోండి. గోరువెచ్చని నీరు, స్నిగ్ధమైన పదార్థం, మృదువైన చేయి, హాని చేయని కత్తి. పసిబిడ్డ జుట్టును గురించి నర్సుగా నేను నేర్చుకున్న పాఠాలన్నీ ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోతాయి.

ఇక జుట్టు స్వభావం. శిరస్సుపై ఎన్ని రోమకూపాలు ఉండాలో అన్నీ తల్లి గర్భంలోనే ఏర్పడతాయి. పుట్టిన తరువాత కొత్తవి రావు. మొదట వచ్చే వెంట్రుక సన్నగా, పట్టుదారంలా ఉంటుంది. పుట్టిన కొద్ది నెలలకు చాలామంది శిశువులకు ఆ జుట్టు రాలుతుంది. పడుకున్నప్పుడు తల వెనుక భాగం పక్కకు రాసుకుని అక్కడ నున్నగా అవుతుంది. ఇది జబ్బు కాదు, దిష్టి కాదు. ఏడాది, రెండేళ్లు వచ్చేసరికి జుట్టు పెరుగుతుంది గాని, ఇంకా బరువెక్కదు. అందుకే గాలికి లేస్తుంది, కళ్లలో పడుతుంది, మెడ వెనుక చిక్కుపడుతుంది.

మన ప్రాంతంలో ఈ ఇబ్బంది జాతర రోజుల్లోనే ఎక్కువ. సంక్రాంతి తరువాతి మొదటి ఆదివారం, పట్నం వారంతో కొమురవెల్లి జాతర మొదలై ఉగాది దాకా సాగుతుంది. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది. చలికి బిడ్డకు ఉన్ని టోపీ పెడతాము. టోపీ తీయగానే వెంట్రుకలన్నీ కదంబ పువ్వులా నిక్కబొడుచుకుంటాయి. ఉన్ని రాపిడికి వెంట్రుకలన్నింటికీ ఒకే రకమైన విద్యుదావేశం అంటుతుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదానినొకటి నెట్టివేస్తాయి. గాలిలో తేమ ఉంటే ఆ ఆవేశం త్వరగా జారిపోతుంది, పొడిగాలిలో నిలిచిపోతుంది. దీనికి ఉపాయం సులభం. అరచేతిని నీటితో తడిపి తలపై మెల్లగా నిమిరితే చాలు. లేదా రెండు మూడు చుక్కల కొబ్బరినూనెను అరచేతుల్లో రుద్దుకుని, మిగిలిన జిడ్డును మాత్రమే జుట్టు చివరలకు రాయండి. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి జుట్టు మరింత చిక్కుపడుతుంది. ఉన్ని టోపీ లోపల మెత్తని నూలు గుడ్డ వేయండి. పాలియెస్టర్ దిండు గలీబు తీసివేసి, బాగా వాడి మెత్తబడిన నూలు చీరను దిండుకు చుట్టండి. నేత చీరలకు పేరుపొందిన సిద్దిపేటలో అటువంటి గుడ్డ లేని ఇల్లు ఉండదు.

తలస్నానం వారానికి రెండు సార్లు సరిపోతుంది. కుంకుడు రసం కళ్లలో పడితే బిడ్డ విలవిలలాడుతుంది, తరువాత నీళ్ల చెంబును చూస్తేనే ఏడుస్తుంది. పిల్లల షాంపూ కొద్దిగా, నీటిలో కలిపి వాడండి. తుడిచేటప్పుడు తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. దువ్వేటప్పుడు పళ్ల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న దువ్వెన తీసుకోండి. జుట్టును కుదురు దగ్గర ఒక చేత్తో పట్టుకుని, ముందు చివరలు, తరువాత మధ్యభాగం, ఆఖరున పైభాగం దువ్వండి. పైనుండి ఒక్కసారిగా లాగితే చిక్కులన్నీ కిందికి వచ్చి ముడిపడతాయి.

కళ్లలో పడే జుట్టుకు పిలక వేస్తాము. చూడముచ్చటగా ఉంటుంది. కానీ రబ్బరు బ్యాండుతో బిగించి కట్టవద్దు. నుదుటి చర్మం పైకి లాగినట్లు కనిపించిందంటే ముడి బిగువైనదని అర్థం. రోజూ అదే చోట బిగిస్తే కుదుళ్లు దెబ్బతిని అక్కడ జుట్టు పలుచబడుతుంది. మెత్తని గుడ్డ పేలికతో వదులుగా కట్టి, పడుకునే ముందు విప్పండి. చిన్న క్లిప్పులు, పూసలు వద్దు, అవి బిడ్డ నోటికి చేరతాయి.

ఇంకొక హెచ్చరిక. కాన్పు అయిన కొన్ని నెలలకు తల్లి జుట్టు బాగా రాలుతుంది. ఆ వెంట్రుక ఒకటి బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు ఉబ్బి ఎర్రబడుతుంది. రక్తం ఆడక ఆ వేలికే ప్రమాదం రావచ్చు. కారణం తెలియకుండా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, మేజోళ్లు తీసి వేళ్ల సందులు చూడండి. వెంట్రుక దొరకకపోతే, వేలు రంగు మారితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ ఇంటి మనుమరాలికి మల్లన్న మొక్కు ఉంది. తొలి జాతరకు ముందు తాత కాలం చేశాడు, ఏడాది సూతకమన్నారు. మరుసటి ఏడు పంట చేతికి రాలేదు. మొక్కంటే పట్నం వేయించాలి, బంధువులను పిలవాలి. అలా బిడ్డకు మూడేళ్లు దగ్గరపడ్డాయి. మెడ వెనుక జుట్టు జడలు కట్టింది. దాని కింద చర్మం పుండ్లు పడింది, పేలు చేరాయి. కోడలు బిడ్డను ఎత్తుకుని వచ్చి, "నెత్తి మీద చెయ్యి కూడ పెట్టనిస్తలేదు సిస్టరమ్మా" అని కన్నీళ్లు పెట్టుకుంది. వెంట వచ్చిన అత్తగారు, "కత్తెర పెడితె మొక్కు చెడుతది, నువ్వు మందియ్యి చాలు" అన్నది.

ఆమె మాటలో మొండితనం లేదు, భయం ఉంది. చేతిలో డబ్బు లేని ఇల్లు దైవానికి ఇచ్చిన మాటనైనా నిలుపుకోవాలని పట్టుదలగా ఉంది. నేను కత్తెర తీయలేదు. కొబ్బరినూనె నానబెట్టి, వేళ్లతో ఒక్కొక్క పాయ విడదీస్తూ గంటన్నర కూర్చున్నాను. రెండు ముడులు మాత్రం వీడలేదు. పుండు ఉన్నది వాటి కిందే. అప్పుడు అత్తగారితో, "అవ్వా, మీ ఇంటి ఒగ్గు పూజారిని అడిగి రా, ఆయన ఏమంటే అట్లనే చేద్దాం" అన్నాను. మరునాడు ఆ పెద్దాయన స్వయంగా వచ్చాడు. బిడ్డ మెడ చూశాడు. "దేవుడు పుండును కోరలేదు తల్లీ. ఆ రెండు ముడులు తీసి పసుపు బట్టల కట్టి దేవునర్రల పెట్టు. జాతరనాడు మిగిలినదానితో కలిపి ఒప్పజెప్పుదువు" అన్నాడు. అత్తగారే దీపం పెట్టి, ముడులను పసుపు బట్టలో పట్టుకుంది. రెండు వారాల్లో పుండ్లు మానాయి. ఆ తరువాతి జాతరకు మొక్కు పూర్తిగా తీరింది.

ప్రతి ఇంటికీ ఇదే తీర్పు వర్తిస్తుందని నేను అనను. ఎవరి ఆచారం వారిది. కానీ బిడ్డ బాధపడుతుంటే ఇంట్లోనే ఉండి భయపడవద్దు. పురోహితుని, ఒగ్గు పూజారిని అడగండి. ఆచారం తెలిసిన పెద్దలకు దారి కూడా తెలుస్తుంది. ఖర్చుకు భయపడి మొక్కును ఏళ్ల తరబడి వాయిదా వేయవద్దు. స్వామికి చెందవలసింది జుట్టు. విందు మన సంతోషం కొరకు.

కోడళ్లను కుంగదీసే మరొక మాట ఉంది. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని అందరూ అంటారు. తిరిగి పలుచగానే వస్తే, మొక్కులో ఏదో లోపం జరిగిందని తల్లిని నిందిస్తారు. మళ్లీ మళ్లీ గుండు చేయిస్తారు. వెంట్రుక పుట్టుక చర్మం లోపలి కుదురులో జరుగుతుంది. కత్తి తాకేది బయటికి వచ్చిన భాగాన్ని మాత్రమే. 1928లో అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ పురుషుల గడ్డపు వెంట్రుకలను పరిశీలించి, గీయడం వలన వాటి మందం గాని పెరిగే వేగం గాని మారదని తెలిపారు. గుండు తరువాత జుట్టు గరుకుగా తోచడానికి కారణం, మొన తెగి మొద్దుబారడమే. వయస్సుతో జుట్టు తనంతట తానే బలపడుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఓపిక పట్టండి. మనం తలనీలాలు ఇచ్చేది ప్రతిఫలంగా ఒత్తైన జుట్టు పొందడానికి కాదు. మొదటిది స్వామిదని అంగీకరించి సమర్పించడానికి.

మొక్కునాడు పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. టీకాల కార్డు ముందే చూసుకోండి. పుట్టినప్పుడు, ఆ తరువాత 6, 10, 14 వారాలకు వేసే టీకాలు బిడ్డను హెపటైటిస్-బి నుండి, ధనుర్వాతం నుండి కాపాడతాయి. హెపటైటిస్-బి క్రిమి శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కనుక ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడరాదు. మీ కళ్లముందు విప్పిన కొత్త బ్లేడునే వాడమని వినయంగా అడగండి. నాయీబ్రాహ్మణ సోదరులు దీనిని తప్పుగా తీసుకోరు, ఆ జాగ్రత్త వారికీ రక్షణే.

జ్వరం ఉంటే, తలపై పుండ్లు ఉంటే ఆ రోజు ఆపండి. ఉదయం చల్లని వేళ, బిడ్డకు పాలో అన్నమో పెట్టి, కునుకు తీసి లేచిన తరువాత మేనమామ ఒడిలో కూర్చోబెట్టండి. గోరువెచ్చని నీటితో జుట్టును బాగా నాననివ్వండి. నడినెత్తిన మాడు సాధారణంగా ఏడాదిన్నర లోపల పూడుతుంది. అది పూడని శిశువైతే ఆ విషయం ముందుగా చెప్పండి, అక్కడ చేతితో నొక్కరాదు. బిడ్డ గింజుకుంటే కత్తిని ఆపమనండి. గీరుకుపోతే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి, ఆ గాయంపై గంధం, పసుపు వేయవద్దు. గాయం లేని తలకు స్వచ్ఛమైన గంధం చల్లదనమిస్తుంది. జాతరలో బండారు గాలికి లేస్తుంది కనుక బిడ్డ కళ్లు కాపాడండి. ఎండ తగలకుండా నూలు టోపీ పెట్టండి. స్నానం చేయించేటప్పుడు మెడ మడతల్లో, వేళ్ల సందుల్లో మిగిలిన వెంట్రుకలను తీసివేయండి.

చివరగా దాతలకు ఒక విన్నపం. అన్నదానం, గోపుర నిర్మాణం గొప్ప పుణ్యకార్యాలు. వాటితోపాటు తలనీలాలు సమర్పించే చోట పసిబిడ్డల కోసం కాస్త నీడ, గోరువెచ్చని నీరు, కొత్త బ్లేడ్లు, వాడినవాటిని వేసే మూత గల డబ్బా, తల్లి బిడ్డకు పాలిచ్చేందుకు ఒక తెర ఏర్పాటు చేయడానికి ముందుకు రండి. వీటికి పెద్ద ధనం అవసరం లేదు. శిలాఫలకంపై పేరు ఉండకపోవచ్చు. కానీ గాయం కాకుండా పని ముగించమన్న సూత్రకారుని మాట మీ ద్రవ్యంతో నెరవేరుతుంది.

మల్లన్న స్వామి కరుణ మన పిల్లలందరిపై ఉండుగాక. 

స్వస్తి.