పనికి పోయే తల్లి, పసిబిడ్డ: చట్టంలో మనకు ఏముంది?

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. నన్ను మాత్రం ఈసారి పిల్లల సంరక్షణ గురించి మాట్లాడమన్నారు. ఇది వసూలుకు సంబంధం లేని సంగతి అనుకోవద్దండి. కిస్తీ తప్పిన అక్కను పక్కన కూర్చోబెట్టుకొని నిదానంగా అడిగి చూడండి. "చంటిబిడ్డను చూసేవాళ్లు లేక పనికి పోలేదక్కా" అనే మాట చాలాసార్లు బయటికొస్తుంది. జమ్మలమడుగు పక్క పత్తి తీతకైనా, పులివెందుల పక్క చీనీ, అరటి తోటల పనికైనా, ప్రొద్దుటూరులో మగ్గం పనికైనా ఇదే కథ. ఒక దినం కూలి పోతే ఆ నెల కిస్తీ కదిలిపోతుంది.

లేదంటే ఇంట్లో పెద్దపిల్లను బడి మాన్పించి చిన్నోన్ని అప్పజెప్తాం. మా సంఘంలోనే ఒక పాప ఐదో తరగతిలో అట్లా ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత మళ్లీ బళ్లో వేస్తే తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోలేక ఇంటికొచ్చేసింది. తల్లిది తప్పని నేను అనలేను. ఆమె ముందర వేరే దారి ఏముంది?

ఇప్పుడు చట్టం మాటకొద్దాం. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. చాలా ఏండ్లు అది సర్కారు దయగా ఇచ్చే పథకమే అన్నట్టు నడిచింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చినాక అది హక్కు అయింది. ఆరు నెలల నుంచి ఆరేండ్ల దాకా ప్రతి బిడ్డకూ, గర్భిణికీ, కాన్పయినాక ఆరు నెలల దాకా బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా పౌష్టికాహారం ఉచితంగా ఇయ్యాల. ఈ ఆహారానికి రేషన్ కార్డు ఉందా లేదా అని చూసే పని లేదు. ప్రతి అంగన్‌వాడీలో వంట చేసే వసతి, తాగే నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలని కూడా అదే చట్టంలో రాసిపెట్టినారు. మీ ఊరి సెంటర్‌లో ఈ మూడూ ఉన్నాయో లేవో ఈ వారంలోనే పోయి చూసి రండి. తిండి అందకపోతే బదులుగా ఆహార భద్రతా భత్యం ఇయ్యాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లా స్థాయిలో ఒక అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది.

మనలో చాలామందికి తెలియని మాట ఇంకొకటుంది. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆరేండ్ల లోపు పిల్లలు నలభై మంది ఉండి కూడా అంగన్‌వాడీ లేని పల్లెవాళ్లు, మురికివాడలవాళ్లు అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల్లోపల సెంటర్ పెట్టాల. అడిగితే అని ఎందుకంటున్నానంటే, మనం అడగకపోతే ఆ మూడు నెలలు మొదలే కావు. ప్రొద్దుటూరు చుట్టూ కొత్తగా పెరిగిన కాలనీల్లో ఉండే సభ్యులు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

ఉన్నమాట కూడా చెప్పాల. ఈ చట్టం బిడ్డ తిండికి హామీ ఇచ్చింది గానీ, పొద్దున నుంచి సాయంత్రం దాకా బిడ్డను చూసుకుంటామని హామీ ఇయ్యలేదు. మూడేండ్ల లోపు పిల్లలకు సరుకు ఇంటికే ఇస్తారు, టీకాలు చూస్తారు, అంతే. మనకు కూలిపని పోయేది ఆ మూడేండ్లలోనే. ఆ లోటు తీర్చడానికే 'పాల్నా' అనే కేంద్ర పథకం కింద అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం పెట్టే వీలు కల్పించినారు. దాంట్లో ఆరు నెలల బిడ్డను కూడా ఉంచుకుంటారు. అది దానంతటది మన ఊరికి రాదు, రాష్ట్రం నుంచి ప్రతిపాదన పోవాల. ఆ ప్రతిపాదనలో మన మండలం పేరు ఉండాలంటే ముందు మన అర్జీ ఉండాల.

పనిచోటు సంగతి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాసినారు: పని జరిగే తావుకు తల్లుల వెంట వచ్చిన చిన్నపిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆమెను పెట్టి ఆమెకూ కూలి ఇయ్యాల. ఎండాకాలం చెరువు పనిలో చెట్టుకు చీరె కట్టి ఉయ్యాల వేసుకున్నవాళ్లమే గానీ, ఈ మాట మేట్‌ను అడిగినవాళ్లం ఎంతమందిమి? చెయ్యెత్తండి అంటే నేనూ ఎత్తలేను. ఫ్యాక్టరీలకూ 2025 దాకా అమల్లో ఉన్న 1948 చట్టంలో పెట్టినారు, ముప్పై మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల గది ఉండాలని. ఎర్రగుంట్ల పక్క బండల పాలిష్‌కు పోయే మనవాళ్లు పనిచేసే యూనిట్లు ఆ లెక్కకు రానంత చిన్నవి. కాబట్టి వాళ్లకు కూడా ఊర్లో సెంటరే దిక్కు.

ఒక విన్నపం. అడగడమంటే అంగన్‌వాడీ కార్యకర్త మీద పడి అరవడం కాదు. 2023 డిసెంబర్ 12 నుంచి 42 దినాలు వాళ్లు సమ్మె చేసినప్పుడు కార్యకర్తకు వచ్చేది నెలకు 11,500, ఆయాకు 7,000. ఆ జీతం మీద ఇంకొక పూట పిల్లల్ని చూడమంటే ఎవరూ చూడలేరు. వాళ్లనూ కలుపుకొనే అర్జీ పెడదాం.

ఇప్పుడు చేయాల్సింది. ప్రతి గ్రామ సంఘం ఆరేండ్ల లోపు పిల్లల పేర్లు, వయసులు రాయండి. మూడేండ్ల లోపువాళ్లను వేరే కాగితంలో రాయండి. తల్లి ఏ పనికి, ఎన్ని గంటలకు పోతుందో పక్కనే రాయండి. అర్జీ రెండు కాపీలు తీసి ఒకటి సీడీపీవో ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ తేదీ లేకుంటే మూడు నెలలు లెక్కపెట్టడానికి మన దగ్గర ఆధారం ఉండదు. రాయడం రానివాళ్లకు సంఘం లెక్కలు రాసే అమ్మాయి రాసిస్తుంది. వచ్చే నెల సమావేశానికి పొదుపు పుస్తకాలతో పాటు ఈ లెక్క కూడా పట్టుకొని రండి.